అజాంకూర్ బురదలో నాన్నతో: ఐదో హెన్రీ దారిలో ఎనిమిది రోజులు

నాన్న ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. గత ఆగస్టులో మొదటిసారి మా దగ్గరికి, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కి, మూడు నెలలుండేలా వచ్చారు. బయల్దేరే ముందే ఫోన్లో చెప్పేశారు, "లండన్ ఎలాగూ చూస్తాను గానీ, ఆ ఐదో హెన్రీ సైన్యం నడిచిన దారి ఒకసారి చూపించమ్మా" అని. ఐదో హెన్రీ అంటే 1415లో ఫ్రాన్స్ మీదికి దండెత్తి అజాంకూర్ యుద్ధం గెలిచిన ఇంగ్లండ్ రాజు. ఆ యుద్ధం ఒక భాగమైన, ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ జరిగిన నూరేళ్ళ యుద్ధం గురించి క్లాసులో చెప్పడానికి ఆయనకి ఏ ఏడాదీ పావుగంటకి మించి దొరకలేదట. పిల్లలు అడిగిన ప్రశ్నలు అలాగే మిగిలిపోయాయన్నారు. ఫ్రాన్స్ వెళ్ళడానికి కావలసిన షెంజెన్ వీసా ఇండియాలోనే తీసుకుని రమ్మన్నాను, ఇక్కడికి విజిటర్‌గా వచ్చాక తీసుకోవడం కష్టం. అక్టోబరులో ఎనిమిది రోజులు సెలవు పెట్టి, ఇద్దరం నా కారులోనే బయల్దేరాం.

మొదటి రోజు, మన్మత్

సెవర్న్ వంతెన దాటి వేల్స్‌లోకి వెళ్ళి, వై నది పక్కనే టింటర్న్ మీదుగా వెళ్తే మన్మత్ వస్తుంది. చిన్న ఊరు. అక్కడ మన్నో అనే ఇంకో నది మీద కోట బురుజులా కట్టిన ద్వారంతో ఒక పాత రాతి వంతెన ఉంది. వంతెన మీదే అలాంటి ద్వారం నిలిచి ఉన్నది బ్రిటన్ మొత్తంలో ఇదొక్కటే. కోటలో మిగిలింది మాత్రం రెండు మూడు గోడలే. ఐదో హెన్రీ ఈ కోటలో పుట్టాడు.

ఊరి నడిబొడ్డున పాత కోర్టు భవనం మీద ఆయన విగ్రహం, దాని కింద పుట్టిన తేదీ 1387 ఆగస్టు 9 అని చెక్కి ఉంది. ఇప్పుడు చరిత్రకారుల్లో ఎక్కువ మంది చెప్పేది 1386 సెప్టెంబరు 16. ఒక రాజు పుట్టిన రోజే సరిగ్గా తెలియకపోవడమేంటని నాన్న అక్కడే నిలబడిపోయారు. దానికి కారణం ఉంది. పుట్టినప్పుడు అతను రాజు కొడుకు కాదు, సింహాసనం దరిదాపుల్లో కూడా లేడు. తండ్రి 1399లో రెండో రిచర్డ్‌ని దించి గద్దెనెక్కాకే ఈ పిల్లవాడు యువరాజయ్యాడు. అలా వచ్చిన కిరీటం కాబట్టి దాని మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఇతన్ని జీవితాంతం వెంటాడింది. ఆ తర్వాత చేసిన యుద్ధాల్లో సగం ఆ ప్రశ్నకి జవాబుగా చేసినవేనని నాకనిపిస్తుంది.

యువరాజుగా పెరిగింది యుద్ధంలోనే. ఇదే వేల్స్‌లో ఒవైన్ గ్లిన్‌డూర్ తిరుగుబాటు మీద ఏళ్ళ తరబడి పోరాడాడు. పదహారేళ్ళ వయసులో, 1403 జూలై 21న ష్రూస్‌బరీ యుద్ధంలో ఒక బాణం మొహంలోకి ఆరంగుళాల లోతు దిగింది. పుల్ల ఊడొచ్చింది, ములుకు ఎముకలో ఉండిపోయింది. జాన్ బ్రాడ్‌మోర్ అనే శస్త్ర వైద్యుడు ఆ ములుకు కోసమే ఒక పనిముట్టు తయారు చేయించాడు. గాయాన్ని రోజురోజుకీ కొంచెం కొంచెం వెడల్పు చేస్తూ, తేనె పూసిన గుడ్డ చుట్టలు లోపల పెడుతూ, చివరికి ములుకు బయటికి తీశాడు. తర్వాత ఆ వైద్యమంతా తనే రాసిపెట్టుకున్నాడు, అందుకే మనకి ఇంత వివరంగా తెలుసు. తేనె అనగానే నాన్న మొహం వెలిగిపోయింది. మా నాయనమ్మ కూడా కాలిన గాయాలకి తేనే రాసేది.

రెండో రోజు, సౌతాంప్టన్

పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి సౌతాంప్టన్ చేరాం. టైటానిక్ బయల్దేరిన రేవు అని చాలామందికి తెలుసు. 1415 ఆగస్టులో హెన్రీ సైన్యం ఓడలెక్కింది కూడా ఈ చుట్టుపక్కల తీరంలోనే. పాత ఊరి గోడలు ఇంకా చాలా దూరం నిలబడి ఉన్నాయి. పడమటి ద్వారం కింద నుంచి సైనికులు రేవుకి నడిచారని చెప్తారు. సన్నటి దారి, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడిస్తే నిండిపోతుంది. నాన్న దాని కింద నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచారు.

ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించింది డబ్బు లెక్క. రాజు పిలిచాడని ఊరికే వచ్చిన సైన్యం కాదు అది. ఒక్కో నాయకుడితో ఇంతమందిని తేవాలి, రోజుకి ఇంత జీతం అని కాగితం మీద ఒప్పందం రాసుకున్నారు. విలుకాడికి రోజుకి 6 పెన్నీలు, పూర్తి కవచం వేసుకున్న యోధుడికి 12 పెన్నీలు. మొదటి మూడు నెలల జీతం ముందే ఇచ్చి, ఆ తర్వాతి జీతానికి హామీగా రాజు తన నగలూ గిన్నెలూ తాకట్టు పెట్టాడు. జీతం ఇచ్చేముందు మనుషుల్ని లెక్కపెట్టాలి కాబట్టి పేర్లు రాసుకున్నారు. అలా ఆ సైన్యంలో మామూలు విలుకాళ్ళ పేర్లు కూడా తోలు కాగితాల మీద మిగిలాయి. రెడింగ్, సౌతాంప్టన్ యూనివర్సిటీల వాళ్ళు ఆ జాబితాలన్నీ చదివి, పేర్లు ఎక్కించి, ఎవరైనా వెతుక్కునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. మా ఇంటి దగ్గరి యూనివర్సిటీ చేసిన పని అని చెప్తే నాన్న నమ్మలేకపోయారు, ఇంటికెళ్ళాక చూపించాలని మాట తీసుకున్నారు.

ఆరొందల ఏళ్ళ కిందట ఇంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసినవాడు ఇంకొకడు కనిపించడు. తర్వాతి దండయాత్రకి ముందు, 1417లో, బాణాల కోసం ప్రతి పెద్దబాతు రెక్కల నుంచి ఆరేసి ఈకలు పీకి పంపమని జిల్లాల అధికారులకి ఆజ్ఞ పంపించాడు.

బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు కుట్ర బయటపడింది. కేంబ్రిడ్జ్ ఎర్ల్ రిచర్డ్, మాసమ్ ప్రభువు స్క్రోప్, థామస్ గ్రే అనేవాళ్ళు రాజుని దించి, సింహాసనం మీద హక్కుందని కొందరనే ఎడ్మండ్ మార్టిమర్‌ని గద్దెనెక్కించాలనుకున్నారు. ఆ మార్టిమరే వచ్చి రాజుకి చెప్పేశాడు. వారం తిరక్కుండా ముగ్గురి తలలూ ఊరి ఉత్తర ద్వారం, బార్‌గేట్, బయట తెగిపడ్డాయి. స్క్రోప్ రాజుకి ప్రాణస్నేహితుడు. ఇప్పుడు ఆ బార్‌గేట్ చుట్టూ షాపులూ, కాఫీ కప్పులతో కూర్చున్న కుర్రాళ్ళూ. ఆగస్టు 5న రెండు తలలు తెగితే, ఆగస్టు 11న ఓడలు కదిలాయి. మనసు తేరుకోవడానికి కూడా టైమ్ తీసుకోలేదు.

రాత్రి పోర్ట్స్‌మత్ నుంచి లె హావ్ర్‌కి ఫెర్రీ. పెరుగన్నం కలుపుదామంటే పాల పదార్థాలు ఫ్రాన్స్‌లోకి తీసుకెళ్ళనివ్వరు, అందుకని పులిహోర కట్టుకొచ్చాను. డెక్ మీద చలిగాలిలో నిలబడి తిన్నాం.

మూడో రోజు, హార్ఫ్లర్

ఇది ఇప్పుడు లె హావ్ర్ పక్కన ఒక శివారు పట్నం. అప్పట్లో లె హావ్రే లేదు, సెన్ నది ముఖద్వారానికి తాళం హార్ఫ్లర్‌ది. నది ఒండ్రుతో రేవు పూడిపోయాక, 1517లో దానికి బదులుగా కట్టిన కొత్త రేవు లె హావ్ర్. పాత గోడల ముక్కలు, రువాన్ ద్వారం శిథిలాలు, సన్న వీధులు, ఎటు చూసినా కనబడే సెయింట్ మార్టిన్ చర్చి శిఖరం.

ఆగస్టు మధ్యలో మొదలైన ముట్టడి సెప్టెంబరు 22 దాకా సాగింది. పెద్ద ఫిరంగులతో గోడలు కొట్టారు. ఊరివాళ్ళు రాత్రుళ్ళు ఆ కంతలు కర్రలతో, మట్టితో పూడ్చుకున్నారు. ఊరి చుట్టూ నీళ్ళు వదిలారు. ఎండాకాలం, బురద నేల, కుళ్ళిన తిండి, అన్నీ కలిసి ఇంగ్లిష్ శిబిరంలో రక్త విరేచనాలు మొదలయ్యాయి. రాజుకి దగ్గరివాడైన నారిచ్ బిషప్ రిచర్డ్ కోర్టినే పోయాడు, సఫక్ ఎర్ల్ పోయాడు, అరండెల్ ఎర్ల్ ఇంటికెళ్ళాక పోయాడు. జబ్బుపడి ఓడల్లో వెనక్కి పంపిన వాళ్ళ పేర్ల జాబితాలు కూడా ఇప్పటికీ ఉన్నాయి. ఆ యాత్రలో శత్రువు చేతిలో చచ్చినవాళ్ళ కంటే జబ్బుతో పోయిన ఇంగ్లిష్ వాళ్ళే ఎక్కువ.

ఊరు లొంగిపోయాక రాజు చెప్పులు లేకుండా నడిచి ఈ సెయింట్ మార్టిన్ చర్చికి వెళ్ళి దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఊళ్ళో పేదవాళ్ళనీ, ఆడవాళ్ళనీ, పిల్లల్నీ బయటికి పంపేసి, ఆ ఇళ్ళల్లోకి ఇంగ్లండ్ నుంచి జనాన్ని రమ్మని పిలిచాడు. రెండూ ఒకే మనిషి చేసినవి. చర్చిలో బెంచీ మీద కూర్చుని నాన్న చాలాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చాక, "చెప్పులు విడిచింది నిజమైన భక్తితోనేనమ్మా, అనుమానం లేదు. అందుకే ఇంకా భయమేస్తోంది" అన్నారు.

నాలుగో రోజు, సోమ్ నది

హార్ఫ్లర్‌లో 1,200 మందిని కాపలా పెట్టి, మిగిలిన సైన్యంతో అక్టోబరు 8న కలే వైపు నడక మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులకి సరిపడా తిండి కట్టుకున్నారు. కలే అప్పటికే ఇంగ్లిష్ వాళ్ళ చేతిలో ఉంది, అక్కడికి చేరితే ఇంటికి చేరినట్టే. మధ్యలో సోమ్ నది. హెన్రీ ముత్తాత మూడో ఎడ్వర్డ్ 1346లో దాటిన బ్లాంష్‌తాక్ రేవు దగ్గర దాటుదామనుకుంటే అవతలి గట్టున ఫ్రెంచ్ సైన్యం కాచుకుని ఉందని కబురొచ్చింది.

ఇక అక్కడి నుంచి నది వెంట పైకి, అంటే కలేకి దూరంగా, నడక. మేం ఈ దారంతా కారులో ఐదారు గంటల్లో చుట్టాం, మధ్యలో అబ్‌విల్‌లో బ్రెడ్డు, చీజ్ కొనుక్కుని, ఆమియాన్ కెథెడ్రల్ బయటి నుంచే చూసి. వాళ్ళకి వారం పట్టింది, వంతెన వంతెనకీ కాపలా, సంచుల్లో తిండి అయిపోవడం, పైన వాన. కార్బీ దగ్గర ఒక సైనికుడు చర్చిలో రాగి గిన్నె ఒకటి, బంగారు పూత చూసి బంగారమనుకుని, దొంగిలించాడు. సైన్యమంతా చూస్తుండగా హెన్రీ వాణ్ణి ఉరి తీయించాడు. దోపిడీ చేయొద్దన్న ఆజ్ఞ తన వాళ్ళకీ వర్తిస్తుందని చూపించడానికి. ఫ్రెంచ్ గుర్రపు దళం విలుకాళ్ళ మీద పడాలని చూస్తోందని తెలిసి, ప్రతి విలుకాడూ ఆరడుగుల కర్ర ఒకటి నరికి రెండు వైపులా చెక్కి మోసుకుని రావాలని ఆజ్ఞ ఇచ్చింది కూడా ఈ నడకలోనే. తర్వాత వాళ్ళ ప్రాణాలు కాపాడింది ఆ కర్రలే.

వుయాయెన్, బెతాంకూర్ అనే రెండు పల్లెల దగ్గర అక్టోబరు 19న దాటారు. ఫ్రెంచ్ వాళ్ళు తెగ్గొట్టిన కట్టల్ని దొరికిన కర్రలతో, గడ్డితో పూడ్చుకున్నారు. తొక్కిసలాట జరక్కుండా ఒక దారి మొదట్లో రాజే నిలబడి ఒక్కొక్కర్నీ పంపించాడట. మేం వెళ్ళేసరికి చీకటి పడుతోంది. చూడ్డానికి ఏమీ లేదు, పొలాలు, చెట్లు, నెమ్మదిగా పారే నీళ్ళు.

ఐదో రోజు, అజాంకూర్

ఇంగ్లిష్ వాళ్ళు అజిన్‌కోర్ట్ అంటారు. అసలు ఊరి పేరు అజాంకూర్. యుద్ధం అయ్యాక హెన్రీ ఎదురుగా కనిపిస్తున్న కోట పేరేంటని అడిగి, ఆ పేరే యుద్ధానికి పెట్టమన్నాడు. ఊరు చాలా చిన్నది, దారి పక్కన విలుకాళ్ళ ఆకారంలో నిలువెత్తు బొమ్మలు, ఒక మ్యూజియం. అక్కడ పెట్టిన నిలువెత్తు విల్లు లాగి చూడొచ్చు. నాన్న రెండు చేతులతో లాగినా జానెడు కూడా కదల్లేదు. చిన్నప్పటి నుంచీ లాగినవాళ్ళకే అది లొంగుతుంది, వాళ్ళ భుజం ఎముకలే మారిపోయేవి.

మ్యూజియం తొందరగా చూసేసి పొలాల మీదికి వెళ్ళాం. నేను అక్కడ గంట ఉందామనుకున్నా, నాలుగు గంటలు ఉన్నాం. యుద్ధభూమి ఇప్పటికీ దున్నే పొలమే. ముందు రాత్రి వాన పడింది. అంచున నడుస్తుంటే నాన్న బూటు ఒకటి దిగబడిపోయింది, లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. ఆయన కోప్పడలేదు. వంగి ఆ మట్టి ముద్ద చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, "మన రేపల్లె రేగడిలాగే పట్టేస్తోందే" అన్నారు. మా తాతగారిది అక్కడ రెండెకరాలు. వానాకాలంలో ఆ చేలో నడవడం ఎలా ఉంటుందో నాన్నకి కాళ్ళకి తెలుసు. అప్పుడు నాకు ఈ యుద్ధం మొదటిసారి అర్థమైంది. ఇరవై, పాతిక కిలోల ఇనుము ఒంటి మీద వేసుకుని, అప్పుడే దున్నిన, రాత్రంతా వానకి నానిన చేలో, వందల గుర్రాలు తొక్కిన తర్వాత, ఎదురుగా బాణాలు పడుతుంటే తల వంచుకుని నడవడం అంటే ఏమిటో.

1415 అక్టోబరు 25, క్రిస్పిన్ అనే సెయింట్ పండగ రోజు. ముందు రాత్రి ఇంగ్లిష్ శిబిరంలో చప్పుడు చేయకూడదని ఆజ్ఞ, మీరితే పెద్దవాడికి గుర్రం పోతుంది, చిన్నవాడికి కుడి చెవి పోతుంది. ఇంగ్లిష్ వైపు ఆరు వేల నుంచి తొమ్మిది వేల మంది, అందులో ఎక్కువ భాగం విలుకాళ్ళు. ఫ్రెంచ్ సైన్యం అంతకంటే పెద్దది, ఎంత పెద్దదన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రెండు పక్కలా అడవి, మధ్యలో ఈ పొలం. పొద్దున చాలాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి హెన్రీయే తన వాళ్ళని ముందుకి నడిపించి, బాణం అందే దూరానికి తెచ్చి, కర్రలు మళ్ళీ నాటించాడు. ముసలి యోధుడు థామస్ అర్పింగమ్ చేతికర్ర గాల్లోకి ఎగరేశాడు, అదే సంకేతం. గుర్రాలు కర్రల మీద పడి, బెదిరి వెనక్కి తిరిగి, నడిచొస్తున్న సొంతవాళ్ళనే తొక్కాయి. ముందు వరస పడిపోయింది, వెనక వరసలు తోసుకొచ్చాయి. చాలామంది కత్తి దెబ్బ లేకుండానే, ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయారు. బాణాలు అయిపోయాక విలుకాళ్ళు కర్రలు నాటిన సుత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని వాళ్ళ మీదికి దిగారు.

తర్వాత జరిగింది చెప్పకుండా ఈ రాజు గురించి రాయడం తప్పు. వందల మంది బందీలుగా దొరికారు. వెనక సామాను మీద దాడి జరిగిందని, ఫ్రెంచ్ వాళ్ళు మళ్ళీ మూకుమ్మడిగా వస్తున్నారని అనుకున్న క్షణంలో బందీల్ని చంపమని హెన్రీ ఆజ్ఞ ఇచ్చాడు. బందీని పట్టుకున్నవాడికి అతను విడుదల డబ్బు తెచ్చే మనిషి, అందుకని చాలామంది ఒప్పుకోలేదు. అప్పుడు రాజు ఒక నాయకుడికి 200 మంది విలుకాళ్ళనిచ్చి ఆ పని చేయించాడు. ఆ కాలపు ఫ్రెంచ్ రచయితలు కూడా ఈ విషయంలో తమ సేనాపతుల్నే ఎక్కువ తిట్టారు గానీ హెన్రీని పెద్దగా నిందించలేదు, అది నిజం. అయినా ఆ పొలంలో నిలబడినప్పుడు నాకు ఆ మాట సరిపోలేదు. కవచం విప్పేసి, చేతులెత్తేసిన మనుషులు వాళ్ళు.

ఫ్రాన్స్ సేనాపతి ద'ఆల్బ్రే, ముగ్గురు డ్యూకులు చచ్చిపోయారు. ఆర్లియాన్ డ్యూక్ షార్ల్‌ని శవాల కింద నుంచి బతికుండగా లాగారు. ఆయన పాతికేళ్ళు ఇంగ్లండ్‌లో బందీగా ఉండి కవిత్వం రాసుకుని, 1440లో ఇంటికెళ్ళాడు. ఇంగ్లిష్ వైపు చచ్చినవాళ్ళలో పేరు చెప్పదగ్గవాళ్ళు యార్క్ డ్యూక్, సఫక్ ఎర్ల్ (హార్ఫ్లర్‌లో పోయిన ఎర్ల్ కొడుకు), వేల్స్ వాడు డేవిడ్ గామ్, ఇంకొద్దిమంది. మిగతావాళ్ళు ఉత్త సంఖ్య. ఫ్రెంచ్ శవాల్ని పెద్ద పెద్ద గోతుల్లో పూడ్చారు. ఆ గోతులు ఇక్కడే అని చెప్పే చోట చెట్ల మధ్య ఒక శిలువ ఉంది. పేర్లు లేవు.

అక్కడి నుంచి గంట దూరంలో నోవ్ షపెల్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ వైపు చనిపోయి, సమాధి కూడా లేని భారతీయ సైనికుల స్మారకం, 4,700కి పైగా పేర్లు గుండ్రటి గోడ మీద చెక్కి ఉన్నాయి. ఇంత దగ్గరకొచ్చి వెళ్ళకుండా ఉండలేనన్నారు నాన్న. గఢ్వాలీలు, గూర్ఖాలు, సిక్కులు, గోడ నిండా పేర్లు. నాన్న గోడ వెంట నడుస్తూ మెల్లగా పైకి చదివారు, హాజరు పిలుస్తున్నట్టు. చీకటి పడి అక్షరాలు కనబడకపోయేదాకా చదివారు.

ఆరో రోజు, రువాన్

రువాన్ గురించి ఒకటే చెప్తాను. ఇప్పుడు పాత ఊరి చుట్టూ ఉన్న వెడల్పాటి రోడ్లు ఒకప్పటి కోట గోడలు నడిచిన చోట ఉన్నాయి. గోడ బయట కందకం. 1418 జూలై చివర్లో హెన్రీ ఈ ఊరిని చుట్టుముట్టాడు. తిండి తక్కువై, ఊరి పెద్దలు ముసలివాళ్ళనీ పేదల్నీ ఆడవాళ్ళనీ పిల్లల్నీ బయటికి తోసేశారు, వేల మందిని. హెన్రీ వాళ్ళని తన వరస దాటి పోనివ్వలేదు. లోపలికి వెళ్ళలేరు, బయటికి పోలేరు. చలికాలమంతా కందకంలో ఉండి, ఆకలితో చచ్చిపోయారు. ముట్టడిలో ఉన్న జాన్ పేజ్ అనే ఇంగ్లిష్ సైనికుడు ఇదంతా పాటగా రాశాడు. తల్లీదండ్రీ చచ్చిపోయి రొట్టె అడుక్కుంటున్న రెండు మూడేళ్ళ పిల్లల్ని చూశానని రాశాడు. కందకంలో పుట్టిన బిడ్డల్ని బుట్టలో పైకి లాగి, బాప్టిజం ఇచ్చి, మళ్ళీ బుట్టలోనే కిందికి దించారు. క్రిస్మస్ ఒక్కరోజు రాజు వాళ్ళకి తిండి పంపించాడు. ఊరివాళ్ళు వచ్చి కనికరించమంటే, వాళ్ళని అక్కడికి తోసింది నేను కాదు కదా అన్నాడు. 1419 జనవరిలో ఊరు లొంగింది.

కార్లు, బస్సులు తిరుగుతున్న ఆ రోడ్డు పక్కన నడుస్తూ ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయనకి ఇది తెలియదు. అజాంకూర్ అందరికీ తెలుసు, నాటకాల్లో, సినిమాల్లో కనిపిస్తుంది. ఈ కందకం కనిపించదు. నా మటుకు నాకు హెన్రీ పాలన అంటే రెండూ సమానమే. సోమ్ ఒడ్డున మనుషుల్ని ఒక్కొక్కరిగా దాటించిన ఆ క్రమశిక్షణే ఇక్కడ ఐదున్నర నెలలు ఒక్కరినీ దాటనివ్వలేదు.

సాయంత్రం, ఇంగ్లిష్ వాళ్ళ మీద ఫ్రెంచ్ సైన్యాన్ని నడిపిన అమ్మాయి జాన్ ఆఫ్ ఆర్క్‌ని 1431 మే 30న కాల్చిన పాత మార్కెట్‌కి వెళ్ళాం. హెన్రీ పోయిన తొమ్మిదేళ్ళకి, ఆయన గెలిచిపెట్టిన ఊళ్ళో, ఆయన మనుషులు చేసిన పని.

ఏడో రోజు, వాన్సెన్

పారిస్ మెట్రో ఒకటో నంబరు లైను చివర్లో వాన్సెన్ కోట. యాభై మీటర్ల ఎత్తు బురుజు, గోడలు ఇంకా గట్టిగా ఉన్నాయి. 1420 మే 21న ట్రువా ఒప్పందంతో ఫ్రెంచ్ రాజు ఆరో చార్లెస్ తన కొడుకుని పక్కనపెట్టి, హెన్రీని వారసుడిగా ఒప్పుకున్నాడు, కూతురు కేథరిన్‌ని ఇచ్చి పెళ్ళి చేశాడు. రెండేళ్ళు తిరిగేసరికి, మో ఊరి ముట్టడిలో అంటిన జబ్బుతో హెన్రీ ఈ కోటలో 1422 ఆగస్టు 31న కన్నుమూశాడు. ముప్పై ఐదేళ్ళు. ఆరో చార్లెస్ అక్టోబరు 21న పోయాడు. ఇంకో యాభై ఒక్క రోజులు బతికుంటే ఫ్రాన్స్ రాజయ్యేవాడు. కొడుకు పుట్టి తొమ్మిది నెలలైంది, ఆ బిడ్డని ఒక్కసారీ చూడలేదు. ఆ పసివాడే రెండు దేశాల రాజయ్యాడు, 1453 వచ్చేసరికి కలే తప్ప ఫ్రాన్స్‌లో ఏదీ మిగల్లేదు.

శవాన్ని రువాన్, అబ్‌విల్, కలే మీదుగా తీసుకెళ్ళారు. మేం కూడా ఆ రాత్రి కలే వైపే బయల్దేరాం.

ఎనిమిదో రోజు, వెస్ట్‌మిన్‌స్టర్

పొద్దున్నే కారు ఇంట్లో వదిలి, ట్రైన్లో లండన్. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో హెన్రీ సమాధి మీద ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో కట్టిన చిన్న గుడి ఉంది. ఓక్ చెక్క బొమ్మకి వెండి తొడుగు ఉండేది, 1546లో దొంగలు వెండి తలని ఎత్తుకుపోయారు. నాలుగు వందల ఏళ్ళకి పైగా తల లేకుండా పడుకున్నాడు, ఇప్పుడున్న తల 1971లో పెట్టింది. కేథరిన్ కూడా ఇప్పుడు అదే గుడిలో ఉంది. హెన్రీ పోయాక ఆమె ఒవెన్ ట్యూడర్ అనే వేల్స్ మనిషిని చేసుకుంది, వాళ్ళ మనవడే ఏడో హెన్రీ, ట్యూడర్ వంశానికి మొదటి రాజు. హెన్రీ వంశం కొడుకుతో ఆగిపోయింది, భార్య వంశం ఇంగ్లండ్‌ని ఏలింది.

పైనున్న గ్యాలరీకి లిఫ్ట్ ఉంది, నాన్న మోకాళ్ళకి అదే దిక్కు. అక్కడ హెన్రీ జీను, డాలు, శిరస్త్రాణం పెట్టారు. జీను మీది గుడ్డ దాదాపు పోయింది, చెక్క మిగిలింది. శిరస్త్రాణం అజాంకూర్‌లో పెట్టుకున్నది కాదు, పోటీల్లో వాడే రకం, శవయాత్రలో మోశారు.

ఆయన గెలిచిన భూమి అంతా పోయింది. పోకుండా ఉన్నది భాష. 1417 ఆగస్టులో నార్మండీ మీదికి వెళ్ళినప్పటి నుంచి రాజముద్ర వేసిన ఉత్తరాలు ఇంగ్లిష్‌లో రాయించడం మొదలుపెట్టాడు. అంతకుముందు రాజుల ఉత్తరాలు ఫ్రెంచ్‌లోనో లాటిన్‌లోనో ఉండేవి. 1422లో లండన్ బీరు తయారీదార్ల సంఘం, మా రాజే మా భాషలో రాస్తున్నాడు, ఇక మేమూ అందులోనే లెక్కలు రాసుకుంటామని తీర్మానం రాసుకుంది. ఇది చెప్తే నాన్న కళ్ళు తుడుచుకున్నారు. ముప్పై రెండేళ్ళు తెలుగు మీడియంలో పాఠం చెప్పిన మనిషి.

రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాక, ఇచ్చిన మాట ప్రకారం ల్యాప్‌టాప్ తెరిచి ఆ సైనికుల జాబితా చూపించాను. పేరు, హోదా, నాయకుడు, ఏడాది. పన్నెండు దాటినా నాన్న కళ్ళజోడు తీయలేదు. విలుకాడు, విలుకాడు, విలుకాడు అంటూ వరసగా పేర్లు పైకి చదువుతున్నారు, నోరు తిరగనివి నన్నడిగి, సరిగ్గా పలికేదాకా మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు.